సగటున బాగున్న టమాటా మొక్కలు

నీలంమిట్ట చుట్టూ ఎటు చూసినా టమాటా తోటలే. సీజనులో మార్కెట్ యార్డు నిండుతుంది, యార్డు ముందు రోడ్డు నిండుతుంది, ధర పడిపోయిన రోజున రోడ్డు పక్క కాలవ కూడా నిండుతుంది. గట్టు మీద ఉమ్మేసిన విత్తనం కూడా మొక్కై కాసే ఆ ఊళ్లో, టమాటా మొక్క బతకలేని చోటు ఒకే ఒక్కటుంది. అది ప్రాంతీయ ప్రమాణాల పర్యవేక్షణ కార్యాలయం, మొదటి అంతస్తు, రికార్డు గది.

అంగళ్లలో కిలో రాయి కిలో తూగుతుందా, లీటరు డబ్బాలో లీటరు పడుతుందా, మీటరు బద్ద మీటరుందా అని చూసి, ఉంటే సుత్తితో ముద్ర కొట్టడం ఆ ఆఫీసు పని. టమాటాలకూ దానికీ ఏ బంధుత్వమూ లేదు. ఆరు నెలల కింద పైనుంచి ఒక సర్క్యులర్ దిగి ఆ బంధుత్వం కలిపింది. పెద్ద అధికారి ఒకరు ఏదో చలిదేశానికి వెళ్లి, అక్కడ అద్దాల మేడల లోపల టమాటాలు కాయడం చూసి మురిసిపోయి వచ్చారట. అక్కడ బయట మంచు కురుస్తుంది కాబట్టి లోపల కాయిస్తారు. మురిపెం విమానమెక్కి వచ్చింది గానీ, ఆ 'కాబట్టి' మాత్రం అక్కడే ఉండిపోయింది. ప్రతి కార్యాలయమూ 'హరిత అంతరంగ పథకం' కింద నాలుగు గోడల నడుమ రెండు టమాటా మొక్కలను పెంచి పోషించవలెనని ఉత్తర్వు వచ్చింది.

సీనియర్ అసిస్టెంట్ చెంగల్రాయుడు ఆ రోజు సెలవులో ఉన్నాడు. రానివాడి నెత్తిన బరువు పెట్టడం ఆఫీసుల ఆనవాయితీ కనుక, తిరిగొచ్చేసరికి అతను మొక్కల బాధ్యుడయ్యాడు. ఎవరూ మొక్కలు మార్చేయకుండా రెండింటి మొదళ్లకూ సన్నటి తీగ చుట్టి, నంబరు కొట్టిన సీసపు బిళ్లలు బిగించారు. ప్రమాణాల ఆఫీసు మరి, ఊరికే వదులుతుందా?

ఇదంతా చెంగల్రాయుడు నవ్వి ఊరుకోగలిగేవాడే, బదిలీ ఉత్తర్వు రాకపోయి ఉంటే.

అతని భార్య కుసుమకుమారి కుమ్మరకుంట హైస్కూల్లో సైన్సు టీచరు. నూట పది కిలోమీటర్ల దూరం. శనివారం చివరి బస్సుకు వెళ్లడం, సోమవారం తొలి బస్సుకు రావడం, ఇలా ఆరేళ్లు గడిచాయి. కూతురు లహరి పుట్టింది, పాకింది, ఒకటో తరగతికొచ్చింది. అవన్నీ అతను వారానికొక ముక్క చొప్పున చూశాడు. ఏటా దరఖాస్తు పెట్టాడు, ఏటా లేదన్నారు. ఏడో దరఖాస్తుకు కుమ్మరకుంట శాఖకు బదిలీ అయింది. అరవై రోజుల్లో ఇక్కడ బాధ్యతలు అప్పగించి అక్కడ చేరాలి. లేకపోతే ఉత్తర్వు రద్దవుతుంది, మళ్లీ వరసలో చివర నిలబడాలి.

ఆ కాగితం పట్టుకుని అతను అసిస్టెంట్ డైరెక్టర్ కోదండపాణి గారి గదిలోకి దాదాపు పరిగెత్తాడు.

కోదండపాణి గారు చెడ్డమనిషి కాదు. కాగితం మీద లేనిది ఆయన కంటికి ఆనదు, అంతే. ఉత్తర్వు రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకున్నారు.

"చాలా సంతోషదాయకం, చెంగల్రాయుడు గారూ. అయితే హరిత అంతరంగ పథకం, పద్నాలుగవ అంశం అవలోకించారా? 'బాధ్యుడు బదిలీ అయిన పక్షంలో, మొక్కలను సజీవ స్థితిలోను, మట్టి పీహెచ్ ఆరు పాయింటు రెండుకు, ఆరు పాయింటు ఎనిమిదికి మధ్యన ఉండగాను, తదుపరి బాధ్యునికి అప్పగించిన మీదటనే విడుదల చేయవలెను.' ఇది నా మాట కాదు. ఉత్తర్వు మాట."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులు ఇద్దరు, కుండీల్లో నిలబడి ఉన్నారు. వాళ్లను చూడ్డానికి అందరూ కలిసి రికార్డు గదికి వెళ్లారు.

ఇన్నాళ్లూ నీళ్లు పోసి వెళ్లిపోవడమే గానీ పట్టించుకోని చెంగల్రాయుడికి, ఆ రోజు కళ్లు పెట్టి చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. రెండు బీరువాల మధ్య, ఆడిట్ వాళ్లు మూసేయమన్న కిటికీ కింద, ట్యూబ్‌లైట్ వెలుతురులో రెండు మొక్కలూ పీలగా సాగి వంగిపోయి ఉన్నాయి. మొదటి కుండీలో కింది ఆకులు పండి రాలుతున్నాయి. రెండో కుండీలో లేతాకులు తెల్లబోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఒక్కోదానికి నాలుగైదు పూలున్నాయి, అవి కూడా రాలాలా వద్దా అన్నట్టు వేలాడుతున్నాయి.

సూపరింటెండెంట్ మునిరత్నం నాయుడు తమలపాకుకు సున్నం రాసుకుంటూ తేల్చేశారు. "దిష్టి, చెంగల్రాయా. మన ఆఫీసంటే ఊరందరికీ కన్నే. ఓ నిమ్మకాయ కట్టు." ఆకు నోట్లో పెట్టుకుని, సున్నం వేలు అలవాటుగా రెండో కుండీలో కడుక్కున్నారు.

ఆఫీసు ఊడ్చే రెడ్డెమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఆమెకు మిట్ట మీద ఎకరన్నర టమాటా ఉంది. అందరూ వెళ్లాక నోరు విప్పింది.

"ఎండ లేదు సార్, ఇంకేంది? చీకటి కొట్లో పెట్టి, పొద్దున నేనొకతూరి, మధ్యాన్నం మీరొకతూరి, సాయంత్రం వాచ్‌మేనొకతూరి నీళ్లు పోస్తా ఉంటే ఏర్లు కుళ్లకుండా ఏం చేస్తాయి? పైగా పెద్దసారు దినామూ మిగిలిన పుల్లమజ్జిగ ఈ కుండీలో పోస్తాడు. సూపర్నెంటు సారు సున్నం ఆ కుండీలో కడుగుతాడు. నేను చెప్తే ఎవురింటారు?"

మజ్జిగ సంగతి చెంగల్రాయుడికి తెలుసు. పథకంలో 'కార్యాలయాధిపతి వ్యక్తిగత భాగస్వామ్యం' అన్న కాలమ్ ఉంది. కోదండపాణి గారు మధ్యాహ్నం తాగగా మిగిలిన మజ్జిగను స్వహస్తాలతో మొదటి కుండీలో పోసి, ఆ కాలమ్‌లో సంతకం పెడతారు. ఆ సంతకం తప్పని ఆయనకు చెప్పే మగాడు ఆ ఆఫీసులో లేడు. ఆడమనిషి ఉంది గానీ, ఆమె చేతిలో చీపురుంది.

ముందు పీహెచ్ ఎంతుందో కొలవాలన్నారు. పీహెచ్ అంటే మట్టిలో పులుపెంత, సున్నమెంత అని చెప్పే లెక్క. ఏడు దగ్గర రెండూ సమానం, కిందికి దిగితే పులుపు, పైకెక్కితే సున్నం. పుల్ల లాంటి మొనతో ఒక పీహెచ్ మీటరు తెప్పించారు. చెంగల్రాయుడు దాన్ని మట్టిలో గుచ్చబోతే కోదండపాణి గారు చెయ్యి పట్టుకుని ఆపేశారు.

"ఆగండి! ముద్ర లేని కొలత పరికరాన్ని సాక్షాత్తు ప్రమాణాల కార్యాలయంలో వాడతారా? అంగడివాళ్లకు మనం ఏ ముఖంతో నోటీసులిస్తాం?"

న్యాయమైన మాటే. కానీ ఆ ఆఫీసుకు తెలిసిన పరీక్షలు మూడు. మీటరును తక్కెడలో పెట్టి తూచారు, నూట డెబ్బై గ్రాములు తూగింది. బద్దతో కొలిచారు, ఇరవైతొమ్మిది సెంటీమీటర్లుంది. నీళ్లలో ముంచి కారుతుందేమో చూశారు, కారలేదు. మూడింటా నెగ్గినందుకు దానికి ముద్ర వేయాలన్నారు. లోహం మీదనే ముద్ర వేయాలని నిబంధన, ఆ మీటరులో లోహం మొన ఒక్కటే. మునిరత్నం నాయుడు ముప్పైయేళ్ల అనుభవంతో మొనను ఇనుప దిమ్మె మీద ఆనించి, సుత్తితో ఒకే ఒక్క దెబ్బ వేశారు. ముద్ర అచ్చు గుద్దినట్టు పడింది.

ఆ క్షణం నుంచి మీటరు ఏడు చూపించసాగింది. మొదటి కుండీలో ఏడు, రెండో కుండీలో ఏడు, మజ్జిగలో ఏడు, సున్నం డబ్బాలో ఏడు. ఎందులోనూ పెట్టకుండా బల్ల మీద పడుకోబెట్టినా ఏడే.

"ఆహా, ఏమి స్థిరత్వం!" అన్నారు కోదండపాణి గారు. "ప్రమాణమనగా ఇదీ." కాసేపు మురిసిపోయాక, ఏడు పరిధిలో లేదని గుర్తొచ్చింది. మీటరు ధ్రువీకృతం కాబట్టి తప్పు దానిది కాదని, మట్టిదేనని ఫైల్లో రాశారు. చెంగల్రాయుడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పదకొండు రోజులు ఇట్టే పోయాయి.

ఆ శనివారం కుమ్మరకుంట వెళ్లినప్పుడు కుసుమ అంతా విని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక బడి ల్యాబు నుంచి తెచ్చిన రంగు కాగితాల కట్ట చేతిలో పెట్టింది. "మట్టిని వాన నీళ్లలో కలిపి, తేరుకున్నాక ఇది ముంచండి. ఏ రంగుకు తిరిగితే అట్ట మీద ఆ రంగు పక్కనున్న అంకె చూసుకోండి. దయచేసి దీనికి ముద్ర మాత్రం కొట్టించకండి."

సోమవారం ముంచి చూశారు. మొదటి కుండీ అయిదు, రెండో కుండీ ఎనిమిది. ఒకటి పులిసింది, ఒకటి సున్నమెక్కింది. రెడ్డెమ్మ కాగితం లేకుండా చెప్పిందే కాగితం కూడా చెప్పింది.

చెంగల్రాయుడు దిగులుగా అంకెలు తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. కోదండపాణి గారు కాసేపు చూసి, అయిదూ ఎనిమిదీ కూడి రెండుతో భాగించి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఆరున్నర! చెంగల్రాయుడు గారూ, మన కార్యాలయ సగటు ఆరున్నర! నిర్దేశిత పరిధికి నట్టనడుమ!"

"సార్, మొక్క సగటులో బతకదు సార్. దేని కుండీలో అది బతకాలి."

"మీరు వ్యష్టిగా ఆలోచిస్తున్నారు. పథకం కార్యాలయాన్ని యూనిట్‌గా పరిగణించింది."

నివేదిక పైకి వెళ్లింది. ప్రాంతంలోకెల్లా శ్రేష్ఠమైన మట్టి నీలంమిట్ట ఆఫీసులో ఉందని అభినందన పత్రం దిగింది. దానికి అద్దం కట్టించి రికార్డు గదిలో మొక్కల పైన వేలాడదీశారు. ఆ మధ్యాహ్నమే మొదటి మొక్క ఇంకో రెండాకులు రాల్చింది.

ఇక అరవైలో మిగిలినవి నలభై మూడు రోజులు. పీహెచ్ కాగితం మీద కుదిరింది గానీ 'సజీవ స్థితి'కి సగటు కట్టే దారి కోదండపాణి గారికి కూడా తోచలేదు. చెంగల్రాయుడు ఆ సాయంత్రం రికార్డు గదిలో స్టూలు మీద కూలబడ్డాడు.

"రెడ్డెమ్మక్కా, ఇవి నీ తోటలో ఉంటే ఏం చేస్తావు?"

"ఏముండాది సార్? పొద్దున ఎండలో పెడతా. మన్ను ఎండితేనే నీళ్లు పోస్తా. పుల్లగుండేదానికి సున్నం, సున్నముండేదానికి మజ్జిగ, తారుమారు చేస్తా. పది దినాల్లో తలెత్తుతాయి. దీనికి ఫైలెందుకు?"

ఎందుకో చెంగల్రాయుడికి తెలుసు. ఈ ఆఫీసులో నిజం బట్టలేసుకోకుండా వస్తే గుమ్మంలోనే ఆపేస్తారు. దానికి ఒక చొక్కా, ఒక కోటు, ఒక తలపాగా తొడిగి, ఉల్లేఖనం నంబరు చేతికిచ్చి పంపాలి. పదిహేనేళ్ల నౌకరీలో అతను నేర్చుకున్న విద్య అదొక్కటే. తెల్లారేదాకా ఆగకుండా అక్కడికక్కడే కలం తీశాడు.

మొదటి నోటు: 'కార్యాలయాధిపతి వారి అమూల్య భాగస్వామ్యం ఒకటవ కుండీకే పరిమితమగుటచే, రెండవ కుండీ పట్ల వివక్ష చూపినట్లు ఆడిట్ ఆక్షేపణకు ఆస్కారం కలదు. కావున సమన్యాయం పాటించుట సముచితం.'

ఆడిట్ అన్న మాట చూడగానే కోదండపాణి గారు కుర్చీ అంచుకు జరిగారు. వెంటనే రోస్టరు తయారైంది. మజ్జిగ ఇకమీదట రెండో కుండీకి, సున్నం వేలు ఒకటో కుండీకి. అంకెలు సమానమయ్యాక రెండూ నిలిపివేయవలెను. మునిరత్నం నాయుడు కొంచెం నొచ్చుకున్నారు. "నా ఏలు కడుక్కోడానికి కూడా రోస్టరేనా?" అన్నారు గానీ, తన వేలు సర్కారు ఉత్తర్వులోకి ఎక్కినందుకు లోలోపల సంతోషించారు.

రెండో నోటు: 'మొక్కలు నియమితమైన నాటి నుండి ఒక్కమారైనను క్షేత్ర పర్యటన చేయలేదు. ఈ కార్యాలయ విధులు ప్రధానముగా క్షేత్రస్థాయివి.' ఇది కూడా ఆమోదం పొందింది. మొక్కలు రోజూ పొద్దున తొమ్మిదికి మేడ మీదికి పర్యటనకు వెళ్లి నాలుగింటికి తిరిగి రావాలి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రాకపోకల రిజిస్టరులో నమోదు. మొక్కల తరఫున వేలిముద్ర రెడ్డెమ్మది.

"సంతకం వచ్చు సార్ నాకు," అంది రెడ్డెమ్మ.

"నీకొచ్చక్కా, వాటికి రాదు కదా," అన్నాడు చెంగల్రాయుడు.

మూడో నోటు నీళ్ల గురించి. 'ఒకే పనిని మూడు విభాగములు నిర్వహించుట పాలనాపరమైన పునరుక్తి.' ఆ పునరుక్తి కూడా ఆగిపోయింది, కుండీలు ఆరాయి.

నోట్లు అమలైన పన్నెండో రోజుకు కొత్త చిగురేసింది. ఇరవయ్యో రోజుకు రెండు కుండీల కాగితాలూ ఒకే రంగుకు తిరిగాయి, ఆరున్నర. ఈసారి సగటు కట్టే పని లేకపోయినా కోదండపాణి గారు కట్టారు, మళ్లీ ఆరున్నరే వచ్చింది. రాలాలా వద్దా అనుకున్న పూలలో నాలుగు పిందెలయ్యాయి. చెంగల్రాయుడు రోజుకు మూడుసార్లు మేడెక్కి చూసొచ్చేవాడు. మొక్కల మీద ప్రేమ పుట్టిందని ఆఫీసులో అనుకున్నారు. పుట్టిన మాట నిజమే. వాటిని చూస్తే అతనికి కూతురి మొహం గుర్తొచ్చేది, అదీ నిజమే.

గడువు అరవైలో యాభై ఎనిమిదో రోజుకు నాలుగు కాయలూ రంగు తిరిగాయి. చెంగల్రాయుడు అప్పగింత కాగితాలు మూడు ప్రతులు రాసుకుని, తన బల్ల ఖాళీ చేసుకుని, తీసుకునేవాడి కోసం ఆఫీసంతా కలయజూశాడు. చూసిన వైపల్లా తలలు వంగిపోయాయి.

పద్నాలుగవ అంశం అందరూ చదివారు. మొక్క తీసుకున్నవాడు దాన్ని బతికించి ఇస్తే తప్ప ఈ ఆఫీసు నుంచి కదలలేడు. మునిరత్నం నాయుడు రిటైర్మెంటు దగ్గరపడిందని రాసిచ్చారు. టైపిస్టు తనకు పచ్చరంగు పడదని డాక్టరు కాగితం తెచ్చింది. జూనియర్ అసిస్టెంటు తన జాతకంలో కుజుడున్నాడని, ఎర్రటి కాయలకు దూరంగా ఉండాలని విన్నవించుకున్నాడు. రెడ్డెమ్మ తీసుకుంటానంది గానీ, ఆమె ఉద్యోగం తాత్కాలికమని, తాత్కాలికులకు శాశ్వత మొక్కలివ్వకూడదని తేలింది.

అరవయ్యో రోజు శనివారం. పొద్దున పదకొండు.

"నేను అశక్తుణ్ణి," అన్నారు కోదండపాణి గారు, నిజంగానే బాధపడుతూ. "తీసుకొను బాధ్యుడు లేనిదే అప్పగింత లేదు. అప్పగింత లేనిదే విడుదల లేదు. వచ్చే ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి. నేను బలంగా సిఫారసు చేస్తాను."

చెంగల్రాయుడు అప్పగింత కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ రోజు వస్తానని కూతురికి మాటిచ్చాడు, వారం వారం వచ్చే రాక కాదని కూడా చెప్పాడు. రికార్డు గదికి వెళ్లి కుండీల ముందు నిలబడ్డాడు. అప్పగింత కోసం ఆ పొద్దున కిందే ఉంచేసిన వాటిని రెడ్డెమ్మ మేడ మీదికి తీసుకెళ్లడానికి ఎత్తుకోబోతోంది.

"ఏమాయె సార్?"

చెప్పాడు. ఆమె కుండీ కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఎవురూ తీసుకోకపోతే మీరే ఎత్తకపోండి సార్. పిల్లోళ్లను ఇడిసిపెట్టి పోతామా? ఎంటబెట్టుకునే పోతాం గదా."

చెంగల్రాయుడు బల్ల దగ్గరికి పరిగెత్తి జీవితంలోకెల్లా చిన్న నోటు రాశాడు. 'బాధ్యుడు, మొక్కలు ఒకే యూనిట్. పద్నాలుగవ అంశం, బాధ్యుడు మొక్కలను విడిచి వెళ్లునపుడే అప్పగింతను కోరుచున్నది గాని, మొక్కలను వెంట తీసుకొని వెళ్లరాదని ఎచ్చటను పేర్కొనలేదు. కావున మొక్కలను బాధ్యునితో సహా బదిలీ చేయ ప్రార్థన.'

కోదండపాణి గారు సర్క్యులర్ మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఎక్కడా లేదు. ఈలోగా ఆఫీసులోని వారంతా ఆ గది గుమ్మంలో గుమిగూడారు. మొక్కలు పోతే పద్నాలుగవ అంశం కూడా వాటి వెంటే పోతుందని అందరికీ ఒకేసారి తట్టింది. మునిరత్నం నాయుడు తన కలం మూత తీసి పట్టుకున్నారు. టైపిస్టు ఉత్తర్వు ముందే కొట్టుకొచ్చింది, నాలుగు ప్రతులు.

కోదండపాణి గారు సంతకం పెట్టబోయి ఆగారు. గొంతు తగ్గించి అడిగారు: "అక్కడ వీటికి మళ్లీ మజ్జిగ అవసరమైతే ఎవరు పోస్తారు?"

"నేను చూసుకుంటాను సార్," అన్నాడు చెంగల్రాయుడు. ఆ పూటకి ఆయన మీద అతనికి నిజంగా ప్రేమ కలిగింది. సంతకం పడింది.

రెండు చంకల్లో రెండు కుండీలతో అతను మధ్యాహ్నం మూడున్నరకు కుమ్మరకుంట శాఖలో దిగాడు. అక్కడి సూపరింటెండెంట్ చేరిక కాగితం మీద చకచకా సంతకం పెట్టి, కుండీలు చూసి ఉలిక్కిపడ్డాడు. అతని బల్ల పక్కనే రెండు కుండీలున్నాయి. వాటిలో రెండు ఎండు పుల్లలున్నాయి. గోడ మీద చార్టులో 'సజీవం, సజీవం' అని ఆరు నెలల నుంచి రోజువారీ నమోదు ఉంది.

"అయ్యా, నీకు దణ్ణం పెడతా. వాట్ని వీటి పక్కన పెట్టొద్దు," అన్నాడతను. "పచ్చటివి పక్కనుంటే మావి తేడాగా కనిపిస్తాయి. మీ ఇంట్లో పెట్టుకో. 'కార్యాలయమున వసతి లేమిచే బాధ్యుని నివాసమున' అని నేను రాసుకుంటా."

చెంగల్రాయుడు కుండీలను ఇంటి మెట్ల పక్కన, ఎండపొడ తగిలే చోట దించి స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి కంచంలో వేడి రాగి సంగటి, దాని నడుమ గుంటలో అప్పుడే నూరిన ఎర్రటి ఊరిబిండి పచ్చడి ఉన్నాయి. అతను గుమ్మంలోంచి కుండీల వైపు చూశాడు. కాయలు లేవు.

"కుసుమా! అవి సర్కారువి!"

"పండినాయి, కోసినాను," అంది కుసుమ, నెయ్యి వేస్తూ. "కోయకుంటే రాలిపోతాయి. రాలిన కాయకు మీ ఆఫీసులో ఫారం ఉందా?"

చెంగల్రాయుడు బాగా ఆలోచించాడు. సర్క్యులర్‌లో మొక్క ఉంది, మట్టి ఉంది, పీహెచ్ ఉంది, భాగస్వామ్యం ఉంది. కాయ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. టమాటా మొక్కకు కాయ కాస్తుందని అంత పెద్ద ఉత్తర్వు రాసినవాళ్లెవరికీ తట్టలేదు. అతను రెండు ముద్దలు తిన్నాడు. మూడోది అడిగి పెట్టించుకున్నాడు.

ఆదివారం గడిచింది. సోమవారం తెల్లవారి చెంగల్రాయుడు ఇంకా దుప్పట్లోనే ఉండగా, లహరి వచ్చి భుజం పట్టి ఊపింది. ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి సోమవారమూ చేసే పనే. అతని సంచిలో తువ్వాలు మడిచి పెట్టి, నీళ్ల బాటిల్ నింపి, చెప్పులు గుమ్మానికి ఎదురుగా తిప్పి పెట్టింది.

"నాన్నా, లెయ్. బస్సు పోతుంది."

"ఈ పొద్దు నాకు బస్సు లేదమ్మా."

"మరి రేపా?"

"రేపు కూడా లేదు."

"ఎల్లుండి?"

"లేదు తల్లీ. ఇంక లేదు."

చెంగల్రాయుడికి కళ్లు మసకబారాయి, తుడుచుకోలేదు. లహరి గుమ్మం దగ్గరికి వెళ్లి, సంచిలోంచి తువ్వాలు తీసి మేకుకు తగిలించింది. బాటిల్లో నీళ్లు రెండు కుండీల్లోనూ చెరిసగం పోసింది. చివరికి నాన్న చెప్పులు రెండూ ఎత్తుకుని లోపలికి తీసుకుపోయి, మంచం కింద, ఎవరికీ అందనంత లోపలికి తోసేసింది.